శుక్రవారం మా ఊళ్ళో ఎవరూ ఉండరు

అధికారులతో మాట్లాడడానికి మా ఊరికి తెలిసిన పద్ధతి ఒక్కటే: ఏడవడం. ఆ ఏడుపును హిందీలో, తెల్ల కాగితం మీద, ఎడమ పక్క మార్జిన్ వదిలి రాసిపెట్టేవాడిని నేను. చేతిపంపు చెడిపోతే నేనే ఏడ్చాను. రేషన్ కార్డులోంచి ఎవరి పేరైనా ఎగిరిపోతే నేనే ఏడ్చాను. వాగు మీద వంతెన కోసం ప్రతి వానాకాలం ముందూ ఒకసారి, తర్వాత ఒకసారి ఏడ్చాను. "సేవా మే, శ్రీమాన్ కలెక్టర్ మహోదయ్" అని మొదలుపెట్టి "ఆప్ కీ మహాన్ కృపా హోగీ" అని ముగిస్తే, మధ్యలో ఎవరి కష్టం పెట్టినా చక్కగా అతుకుతుంది. కొన్ని పనులు కూడా అయ్యాయి. వంతెన కాలేదు. అది నా భాషలో లోపం కాదని ఇప్పటికీ అనుకుంటాను.

అందుకని ఆ సోమవారం పొద్దున నా సొంత ఉద్యోగం కోసం కాగితం ముందు కూర్చున్నప్పుడు పెద్దగా భయపడలేదు. భయపడి ఉంటే బాగుండేది.

మా ఊరు తెలుగు సరిహద్దు దాటాక, కొంటా నుంచి భేజ్జి వైపు పోయే దారిలో, రోడ్డు దిగి కొంచెం లోపలికి ఉంటుంది. అక్కడికి దగ్గర్లోని ఆశ్రమశాలలో నేను అతిథి ఉపాధ్యాయుడిగా ఉండేవాడిని. అతిథి అన్న మాటను వాళ్ళు సీరియస్‌గానే తీసుకున్నారు. వానాకాలం మొదట్లో పర్మినెంటు మాస్టారు వచ్చారు, అతిథి వెళ్ళిపోయాడు. ఊళ్ళో అందరూ నన్ను 'గురూజీ' అని పిలవడం మాత్రం మానలేదు. ఆ పిలుపుకు జీతం లేదు కాబట్టి దాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు.

ఈ లోపల హైదరాబాదులో ఉన్న నా బామ్మర్ది నాకొక పని చూశాడు. ఏదో అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ. యూనిఫాం వాళ్ళే ఇస్తారు, కుర్చీ కూడా ఇస్తారు. గురువారం బస్సుకు బయల్దేరాలి. నా భార్య నాతో రావడానికి వీల్లేదు. ఆమె ఊళ్ళో మితానిన్, అంటే గర్భిణులకూ పసిపిల్లలకూ మందులూ సలహాలూ చూసే ఆరోగ్య కార్యకర్త. పైగా మా అమ్మ, పొలం, రెండేళ్ళ పిల్ల. నేను పోతే దీపావళికి వస్తాను, లేదంటే ఆ తర్వాతి దీపావళికి. పిల్ల నన్ను గుర్తుపడుతుందా అన్న ప్రశ్న ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగకుండా ఉండడానికి అందరూ బాగా కష్టపడ్డారు.

ఆదివారం సాయంత్రం బామ్మర్దికి 'వస్తున్నా' అని చెప్పడానికి ఆశ్రమశాల వెనక గుట్ట ఎక్కాను. మా ఊళ్ళో ఫోను ఊళ్ళో పనిచెయ్యదు, గుట్ట మీద పనిచేస్తుంది. పైకి చేరగానే వారం రోజుల మెసేజీలు ఒక్కసారిగా మీదపడ్డాయి. వాటిలో ఒక ప్రకటన. ఒక వైద్య ట్రస్టు మా బ్లాకులో ఊరూరా తిరిగే ఆసుపత్రి బండి పెడుతోంది. బండితో తిరగడానికి ఒక స్థానికుడు కావాలి. ముందుగా ఊళ్ళకు కబురు చెప్పాలి, డాక్టరుకూ రోగికీ మధ్య మాట అందించాలి. బయోడేటా, ఒక పేజీ కవర్ లెటర్ ఈమెయిల్లో పంపాలి. కవర్ లెటర్‌లో రాయాల్సింది: ఈ పనికి మీరే ఎందుకు? చివరి గడువు సోమవారం సాయంత్రం ఐదు. ప్రకటన వెనకాల బండి ఏ రోజు ఏ ఊరికి వస్తుందో ఒక పట్టిక కూడా జతచేశారు.

బామ్మర్దికి ఫోన్ చెయ్యకుండానే గుట్ట దిగాను.

జగదల్‌పూర్‌లో నేను హిందీ ఎమ్మే చదివాను. కవర్ లెటర్ అన్న మాట అక్కడ ఒక్కసారి కూడా వినలేదు. భక్తి కాలపు కవిత్వం మాత్రం వివరంగా చెప్పారు. నా మొదటి ప్రతి చూస్తే ఆ సంగతి ఎవరికైనా తెలిసిపోతుంది.

నా భార్య పొయ్యి దగ్గర కూర్చుని ఆ ప్రతిని చదివింది. ఆమె ఎనిమిది దాకా హిందీలోనే చదువుకుంది. చదువుతున్నప్పుడు పెదాలు కదిలాయి, మధ్యలో ఆగిపోయాయి.

"ఏంది బావా, మనింట్ల ఇంత కష్టముందని నాకు జెప్పలే?"

"అది దరఖాస్తు భాష."

"ముసలి తల్లి మంచం పట్టిందంట. అత్త ఇందాకే మేకల్ని తోలుకొని పోయింది. పరిగెత్తుకుంట పోయింది."

"ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది కదా."

"ఆమె ముందర అను ఆ మాట." కాగితాన్ని మళ్ళీ చూసింది. "నిరుపేద, నిస్సహాయుడు, అభాగ్యుడు. ఇది సదివితే నీకు నౌకరీ ఇయ్యరు బావా, దుప్పటి ఇస్తరు. ఇంతకీ ఆల్లు ఏమడిగిన్రు?"

"ఈ పనికి నేనే ఎందుకని."

"నువ్వేం రాసినవు?"

"నాకు వేరే దిక్కు లేదని."

"దిక్కు లేనోల్లు బ్లాకు నిండా ఉన్నరు. అందర్నీ ఎక్కించుకుంటే ఆ బండి కదలదు."

ఆమె చెప్పింది నిజమే. కానీ వేరేలా ఎలా రాయాలో నాకు తెలియలేదు. నేను ఇది చెయ్యగలను అని రాయబోతే చెయ్యి ఆగిపోయేది. కలెక్టరుకు ఎవరూ అలా రాయరు. మా వైపు బలం చూపిస్తే, బలం ఉందిగా మాతో ఏం పని అంటారు. కాబట్టి రెండు చోట్ల అభాగ్యుడిని తీసేసి, తల్లికి ఆరోగ్యం తిరిగి ఇచ్చి, మిగతాది శుభ్రంగా ఎత్తి రాశాను. కొంటాకు పోవడానికి బండి అడగాలని పక్క పాడాకు, అంటే ఊరిలోనే ఇంకో వాడకు, వెళ్ళాను.

మోటారు సైకిలు దొరికింది. దాంట్లో పెట్రోలు లేదు, పెట్రోలు వెతికేసరికి పొద్దెక్కింది. ఇంటికొచ్చి చూస్తే వాకిట్లో జనం. మధ్యలో మంచం మీద మా పటేల్, ఊరి పెద్ద. ఆయన పక్కన సిరా దిండు. జనం వరుసలో నిలబడి వేలిముద్రలు వేస్తున్నారు. దేని మీదనో చూడక్కర్లేదు. అయినా చూశాను. నా కవర్ లెటర్ మీద.

"తాతా, ఇదేంది?"

"ఎక్కడ తిరుగుతన్నవు గురూజీ? నీ పని మేం జేస్తన్నం." ఆయన ఎవరిదో బొటనవేలు పట్టుకుని గట్టిగా నొక్కించాడు. "ఒక్కని సంతకం ఉంటే ఒక్కని పని అనుకుంటరు. ఊరంత ఏస్తే ఊరి పని. చేతిపంపు ఎట్టా వచ్చింది? నీ హిందీకే వచ్చిందనుకుంటన్నవా?"

"ఇది చేతిపంపు కాదు తాతా. నా ఉద్యోగం."

"నువ్వు ఊరోడివి కాదా ఏంది?"

 నేను నా భార్య వైపు చూశాను. ఆమె పొయ్యి వైపు చూస్తోంది, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

కాగితం తీసుకుని చూస్తే నా సంతకం కింద నీలం ముద్రలు మార్జిన్ దాకా పాకి, వెనక పేజీలోకి తిరిగాయి. అన్నిటికీ అడుగున వార్డు మెంబరు దస్తూరీలో ఒక వాక్యం ఉంది: అలాగే ఎగువ పాడాలో చేతిపంపు హ్యాండిల్ విరిగి ఉన్నది, వెంటనే బాగుచేయించగలరు.

"అది ఎందుకు రాశారు?"

"అంత దూరం పోయే కాయితం," అన్నాడు పటేల్, "ఉత్తగ ఎందుకు పోవాలె?"

తిట్టడానికి వీల్లేదు. పనులు మానుకుని వచ్చినవాళ్ళు, కొందరు ఎగువ పాడా నుంచి వానలో నడిచి వచ్చారు. దండం పెట్టి, కాగితం మడిచి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి చొక్కాలో పెట్టుకున్నాను. పిల్లను మా అమ్మకు అప్పగించి నా భార్య కూడా బండెక్కింది. ఆమెకు కొంటాలో మాత్రలు తెచ్చుకునే పని ఉందని చెప్పింది. నన్ను ఒంటరిగా వదిలితే మళ్ళీ అభాగ్యుడిని అయిపోతానని ఆమె భయం.

దారిలో తనిఖీ నాకా దగ్గర పోలీసులు ఆపారు. ఎక్కడికి, ఎందుకు. లెటర్ పంపడానికి అంటే ఎవరికి, ఏం లెటర్ అని అడుగుతారు, మా వైపు లెటర్ అంటే అడవిలో అన్నలదేనని అనుమానం. బియ్యానికి అన్నాను. మాత్రలకు అంది ఆమె. రెండు సమాధానాలు ఒకేసారి రావడంతో మమ్మల్ని కాసేపు పక్కన నిలబెట్టారు. వాన తుంపర మొదలైంది. నేను చొక్కా మీద చెయ్యి అదిమి పెట్టుకుని నిలబడ్డాను. అలా నిలబడితే చూసేవాళ్ళకు ఇంకా అనుమానం వస్తుందని చెయ్యి తీసేశాను. తీసేస్తే కాగితం తడుస్తుందేమోనని మళ్ళీ పెట్టాను. చివరికి ఆమె మితానిన్ గుర్తింపు కార్డు చూపించాక పొమ్మన్నారు.

కొంటాలో చాయిస్ సెంటర్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కరెంటు లేదు. ప్రభుత్వ ఫారాలు నింపి, స్కాన్ చేసి, పంపే దుకాణం అది. కంప్యూటర్లు మూడున్నాయి, మూడూ నల్లగా చూస్తున్నాయి. బెంచీ మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. దుకాణం ఆయన నన్ను చూసి విసనకర్ర ఆపాడు.

"రండి గురూజీ. ఆసుపత్రి బండి నౌకరీయేనా? ఈల్లంతా దానికే."

బెంచీ మీదివాళ్ళు నన్ను చూశారు. నేను వాళ్ళను చూశాను. అందరం చాలా మర్యాదగా నవ్వుకున్నాం.

"ఉత్తరం తెచ్చిన్రా? లేకుంటే నా దగ్గర రెడీగుంది. ఇంగ్లీషుల. పేరు మారిస్తే సాలు." ఆయన ఒక ప్రింటు చేతికిచ్చాడు. చదివాను. దాంట్లో ఉన్న మనిషి 'డైనమిక్', అంటే చలనశీలుడు. ఫలితాల మీద దృష్టి ఉన్నవాడు. ఎంత ఒత్తిడిలోనైనా పనిచేయగలడు.

"ఇది ఎవరెవరికి ఇచ్చారు?"

"అందరికీ. పొద్దుగాల్నుంచి పంపుతనే ఉన్న."

మా బ్లాకులో ఇంతమంది చలనశీలురు ఉన్నారని, అందరూ ఒకే కరెంటు కోతలో కదలకుండా కూర్చున్నారని నాకు ఆ రోజే తెలిసింది.

బయట అరుగు మీద కూర్చున్నాం. చొక్కాలోంచి కాగితం తీసి, దుకాణంలో ఒక తెల్ల కాగితం అడిగి తెచ్చుకుని, జాలి కోసం రాసిన వాక్యాలన్నీ వదిలేసి మిగిలినవి ఎత్తి రాద్దామనుకున్నాను. మిగిలినవి రెండే. ఒకటి నా పేరు. రెండోది చేతిపంపు హ్యాండిల్.

గోడ గడియారం ముల్లు నాలుగు దాటింది. లోపల ఎవరో దగ్గారు.  ఐదు దాటితే గురువారం బస్సు, గేటు దగ్గర కుర్చీ. ఆ కుర్చీ ఎలా ఉంటుందో నాకు అప్పటికే బాగా కనిపిస్తోంది. ఏమీ తోచక ఫోనులో ప్రకటన వెనక ఉన్న పట్టిక చదవడం మొదలుపెట్టాను. పైకే చదివాను, ఆమె కూడా వినేలా.

"మన ఊరికి శుక్రవారం."

"శుక్రారమా?" ఆమె మాత్రల సంచి కట్టడం ఆపింది. "శుక్రారం సంత గద. ఊళ్ళె ఎవరుంటరు? కోళ్ళకు సూదులు ఏస్తరా ఏంది?"

వాగు అవతలి ఊళ్ళో శుక్రవారం సంత. ఆ రోజు తెల్లవారకముందే ఊరు ఖాళీ అవుతుంది. అడవిలో ఏరిందీ, ఇంట్లో పెంచిందీ అమ్ముకునేది అక్కడే, ఉప్పూ నూనే తెచ్చుకునేదీ అక్కడే. నడవలేని ముసలివాళ్ళు మాత్రం ఉంటారు. వాళ్ళు బండి దాకా రాలేరు, మోసుకొచ్చే కొడుకులు సంతలో ఉంటారు.

నేను రాయడం మొదలుపెట్టాను. ఆమె భుజం మీదుగా చదివింది.

"బావా! పట్టిక తప్పని రాస్తన్నవా?"

"తప్పే కదా."

"తప్పేగానీ, నౌకరీ ఇయ్యకముందే వంకలు పెడతరా ఎవరన్న? పెళ్ళిచూపులకు పోయి ఇల్లు బాగలేదన్నట్టుంది."

"మరి ఏం రాయమంటావు?"

ఆమె మాత్రల సంచి ముడి మళ్ళీ బిగించింది. నేను రాసుకుంటూ పోయాను. మా ఊరికి శుక్రవారం రావద్దు, ఎవరూ ఉండరు, మంగళవారం రండి. తెలుగు, మా ఇళ్ళల్లో మాట్లాడే దోర్లీ, గోండీ, హిందీ మాట్లాడతాను. నా దగ్గరికి దరఖాస్తులు రాయించుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వస్తారు కాబట్టి ఎవరింట్లో ఎవరికి ఏ జబ్బో చాలావరకు తెలుసు. వానాకాలం ఏ వాగు ఏ దారిని మూసేస్తుందో తెలుసు. భద్రాచలం ఆసుపత్రికి రోగుల్ని తీసుకుపోయి, డాక్టరు తెలుగులో అడిగింది గోండీలో చెప్పి, రోగి చెప్పింది తిరిగి తెలుగులో చెప్పిన అలవాటుంది. అంతే. పేజీలో సగం కూడా నిండలేదు. 'మహాన్ కృప' అని రాయబోయి చేతిని వెనక్కి లాక్కున్నాను. దాని బదులు 'నమస్కారం' అని పెట్టాను. ఒంటి మీద చొక్కా లేకుండా వీధిలోకి వచ్చినట్టనిపించింది.

కరెంటు వచ్చింది. బెంచీ అంతా ఒక్కసారి లేచింది. దుకాణం ఆయన వచ్చిన వరుసలోనే పంపుతానన్నాడు. ఒకరి తర్వాత ఒకరు చలనశీలురు వెళ్ళిపోతుంటే నేను గడియారం కింద నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి ముల్లు దాదాపు నిటారుగా ఉంది. ఆయన నా బయోడేటా, ఆ సగం పేజీ స్కాన్ చేస్తూ, "ఈ ముద్రలది కూడా పంపాల్నా?" అన్నాడు.

వేలిముద్రల కాగితం బల్ల మీద ఉంది. నేను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

తెర మీద గుండ్రంగా ఏదో తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా. లైటు ఒకసారి మినుక్కుమంది. తర్వాత 'పంపబడింది' అని వచ్చింది. వచ్చిన కాసేపటికే కరెంటు మళ్ళీ పోయింది.

మంగళవారం, బుధవారం నేను గుట్ట మీదే ఉన్నాను. గొడుగు, చద్దన్నం, ఫోను. మేకలు కాసేవాళ్ళు వచ్చి పలకరించి పోయేవారు. నా బ్యాగు ఇంట్లో సర్ది ఉంది. బుధవారం సాయంత్రం కావస్తుండగా తెలియని నంబరు మోగింది.

డాక్టరమ్మ. ఆ వైద్య ట్రస్టు నుంచి. రాయపూర్ హిందీ, మాటకూ మాటకూ మధ్య కొలిచినట్టు ఖాళీ.

"మా పట్టిక తప్పని రాసింది మీరేనా?"

నోట్లోకి 'క్షమించండి మహోదయా' వచ్చేసింది. దాన్ని మింగడానికి కొంచెం సమయం పట్టింది.

"నేనే మేడమ్."

"అది సర్వే చేసి తయారుచేశాం. మీ ఊరికి మా మనుషులు స్వయంగా వచ్చారు. ఊరంతా ఉంది."

"ఏ రోజు వచ్చారు మేడమ్?"

కాగితాలు తిరగేసిన చప్పుడు. "మంగళవారం."

  సిగ్నల్ పోయిందేమోనని మునివేళ్ళ మీద లేచాను.

"ఎల్లుండి శుక్రవారం," అంది చివరికి. "బండి పట్టిక ప్రకారమే వస్తుంది. నేనూ వస్తాను. మీరు అక్కడ ఉండండి. ఊరు ఖాళీగా ఉంటే మీతో మాట్లాడతాను."

"లేకపోతే మేడమ్?"

"లేకపోతే మీకు మీ ఊరు తెలియదని అర్థం."

బామ్మర్దికి ఫోన్ చేసి గురువారం రావడం లేదన్నాను. "బావా, నీ కుర్చీల రేపే ఇంకోన్ని కూసోబెడతరు. మల్ల దొరకదు," అన్నాడు. తెలుసన్నాను. గురువారం బస్సు పోయే వేళకు నేను ఇంట్లో చూరు బాగుచేస్తూ ఉన్నాను, అదే చోట చాలాసేపు.

శుక్రవారం పొద్దున ఊరు ఖాళీ అవడం చూడాలని వాకిట్లో నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి మా ఊళ్ళో మనుషులు ఉండకూడదని కోరుకున్నాను. ఎవరూ కదల్లేదు. పొయ్యిల పొగ మామూలుగా లేచింది. బుట్టలు వాకిళ్ళలోనే ఉన్నాయి. కాసేపటికి పటేల్ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

నేను నా భార్య వైపు తిరిగాను.

"నేనేం జెప్పలే," అంది. "పంపు కాడ ఒక్కామెకు జెప్పిన. డాక్టరమ్మ వస్తంది, ఆయన నౌకరీ ఇయ్యాలనే తేలుతదని. అంతే."

"ఊరు ఖాళీగా ఉండాలని చెప్పావా?"

"అది జెప్పేలోపే ఆమె బిందె ఎత్తుకొని పోయింది."

నేను ఇల్లిల్లూ తిరిగాను. సంతకు పొండి, మీకు పుణ్యముంటుంది, పొండి అని బతిమాలాను. వాళ్ళు నా మొహమాటాన్ని మెచ్చుకున్నారు.

"నీకోసం ఒక్క సంత ఇడిసిపెట్టలేమా గురూజీ?" అన్నాడు పటేల్. "డాక్టరమ్మ వచ్చేసరికి ఊళ్ళె ఎవరూ లేకుంటే నీ ఇజ్జత్ ఏమైతది?"

"ఇజ్జత్ దాంట్లోనే ఉంది తాతా! ఎవరూ ఉండరని రాశాను నేను!"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "అట్టాంటి మాట ఎవరన్న రాస్తరా?" అన్నాడు. అప్పుడే రోడ్డు వైపు నుంచి హారన్ వినిపించింది.

తెల్ల బండి వచ్చి ఆశ్రమశాల ముందు ఆగింది. డాక్టరమ్మ దిగింది. చిన్న మనిషి, రబ్బరు చెప్పులు, చేతిలో గొడుగు. ఎదురుగా మా ఊరు మొత్తం, పసిపిల్లల నుంచి చేతికర్రల దాకా, తల దువ్వుకుని నిలబడి ఉంది. ఇంతమందిని నేను ఓటింగు రోజు కూడా చూడలేదు. ఆవిడ జనాన్ని ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసింది. తర్వాత నన్ను.

"ఎవరూ ఉండరన్నారు."

 నేను నోరు తెరిచేలోగా పటేల్ ముందుకొచ్చి, రెండు చేతులూ జోడించి, దోర్లీలో గట్టిగా, సభలో మాట్లాడినట్టు మాట్లాడాడు. ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏమంటున్నారు?" అని నన్నే అడిగింది.

మర్యాదగా 'మీకు స్వాగతం అంటున్నారు' అనెయ్యొచ్చు. పటేల్‌కు హిందీ రాదు, మాట మార్చానని ఆయనకు తెలియదు. జనం అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. నా భార్య పిల్లను చంక మార్చుకుంది.

"ఈ రోజు సంత అంటున్నారు మేడమ్. నా కోసం ఊరంతా సంత మానేసిందంటున్నారు. జనాన్ని చూస్తే మీరు నాకు ఉద్యోగం ఇస్తారని వాళ్ళ నమ్మకం. తప్పకుండా ఇవ్వాలంటున్నారు."

"ఉండమని మీరు చెప్పారా?"

"వెళ్ళమని చెప్పాను."

"వినలేదు."

"వినలేదు మేడమ్."

"మీ మాట వినని ఊళ్ళో, రేపు నేను మందులు వేసుకోమంటే, మీరు చెబితే వేసుకుంటారా?"

  "వాదించాలి మేడమ్," అన్నాను. "వాదిస్తే కొందరు వేసుకుంటారు."

"ఏమంటంది?" అని పటేల్ నా చొక్కా లాగాడు. చెప్పాను. ఆయన ఆలోచించాడు. "సేదుగుంటే మింగనని జెప్పు." అదీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నవ్వలేదు. గొడుగు మడిచి, పక్క వాకిట్లో ఉన్న బుట్ట దగ్గరికి నడిచింది. మీదున్న ఆకులు ఎత్తింది. అడవి పుట్టగొడుగులు, నిన్న ఏరినవి, అంచులు అప్పటికే వడలుతున్నాయి. పక్క బుట్టలోనూ అవే. దాని పక్క దాంట్లో కూరకు పనికొచ్చే లేత వెదురు కొమ్ములు.

"ఇవి రేపటిదాకా ఆగుతాయా?"

"ఆగవు మేడమ్. ఈ పూట అమ్ముకోవాలి."

ఆవిడ ఆకులు మళ్ళీ కప్పేసింది. బండి దగ్గరికి తిరిగి వచ్చి, కుర్చీ వేయించుకుని కూర్చుంది. "బుట్టలున్నవాళ్ళను ముందు పంపండి. త్వరగా చూసేస్తే సంతకు వెళ్తారు. పిలవండి."

పిలిచాను. మొదట వచ్చిన ముసలామె గోండీలో చెప్పింది, ఆమె కోడలు అది కాదని దోర్లీలో చెప్పింది. డాక్టరమ్మ హిందీలో అడిగింది. మాత్రల మీద ఇంగ్లీషు ఉంది. నడుమ నేను. కడుపు నొప్పి ఎన్నాళ్ళ నుంచి అంటే ముసలామె తన పెళ్ళి దగ్గర్నుంచి మొదలుపెట్టింది. కుదించి చెబుదామనుకున్నాను, డాక్టరమ్మ పెన్ను ఆపి మొత్తం చెప్పమంది. ఆ తర్వాత భయపడడానికి నాకు తీరిక దొరకలేదు.

చివరి మనిషి వెళ్ళాక ఆవిడ చేతులు కడుక్కుని, బండి ఎక్కబోతూ ఆగింది.

"మంగళవారం వస్తాం. సోమవారమే మీరు ఊళ్ళో చెప్పి ఉంచాలి. ఇక్కడొక్కటే కాదు, పట్టికలో ఉన్న ఊళ్ళన్నీ తిరిగి, ఏ రోజు ఎక్కడ సంతో రాసుకు రండి. హిందీలో. పొడుగ్గా వద్దు, ఆ రోజు రాసినట్టే."

బండి వెళ్ళిపోయింది. నా భార్య పక్కకు వచ్చి నిలబడింది.

"అంటే ఇచ్చినట్టేనా?"

"ఇచ్చినట్టే ఉంది."

"మరి ఆ ముక్క నోటితోని అనొచ్చు గద?"

నా సంగతి తేలేదాకా ఎవరూ కదల్లేదు, ఇప్పుడు బుట్టలు ఎత్తుకుని అందరం సంతకు పరుగులాంటి నడక నడిచాం. వాగు దాటేసరికి కొనేవాళ్ళు బస్తాలు కట్టేస్తున్నారు. పుట్టగొడుగులు వాళ్ళు అడిగిన ధరకే పోయాయి, కొందరివి ఆ ధరకు కూడా పోలేదు. మిగిలిన బుట్ట ఒకటి నేనే మోసుకుంటూ పటేల్ వెనక తిరుగుదారి పట్టాను. 

"నీ నౌకరీ మాకు బాగ పిరం పడ్డది గురూజీ," అన్నాడు నడుస్తూ. "మల్ల ఎప్పుడు వస్తదంట?"

"మంగళవారం తాతా. అందరూ ఉండాలి. నీ దగ్గు కూడా చూస్తుంది."

"మంగళారమా? మంగళారం నేనుండ. కూతురింటికి పోతన్న."

నేను బుట్ట ఇంకో భుజానికి మార్చుకుని, కూతురింటికి బుధవారం పోతే వచ్చే నష్టమేంటో చెప్పమని అడగడం మొదలుపెట్టాను.